ఎక్కడున్నా వెతికి పట్టే రింగు

బెల్లంపల్లి స్టేషన్ నుంచి ఉత్తరానికి కదిలిన రైలు రేచిని రోడ్, ఆసిఫాబాద్ రోడ్, సిర్పూర్ కాగజ్‌నగర్, సిర్పూర్ టౌన్ దాటి మాకుడి వైపు పరుగెడుతుంది. జనరల్ బోగీలో కిటికీ పక్కన కూర్చున్న యువకుడి జేబులో ఫోన్ ఉంది. మాకుడి తర్వాత విరూర్ వస్తుంది. అది మహారాష్ట్ర, చంద్రాపూర్ జిల్లా. తెర మీద సిగ్నల్ గీతలు ఒక్క క్షణం పోయి మళ్లీ వస్తాయి. ఈసారి వాటి పక్కన రోమింగ్ గుర్తు ఉంటుంది. అదే సమయానికి బెల్లంపల్లిలో తల్లి అతని నంబర్ నొక్కుతుంది. కొడుకు ఎంతదూరం వెళ్లాడో ఆమెకు తెలియదు. ఆమె ఫోన్‌కూ తెలియదు, ఆమె ఇంటికి సిగ్నల్ ఇచ్చే టవర్‌కూ తెలియదు. అయినా కొన్ని సెకన్లలో రైల్లో ఫోన్ మోగుతుంది, "ఎక్కడిదాకా పోయినవ్ బిడ్డా?" అన్న మాట వినిపిస్తుంది.

ఆ కొన్ని సెకన్లలో జరిగే వెతుకులాట అంతా ఒక్క ఏర్పాటు మీద నిలబడి ఉంది. ఫోన్ ఎక్కడ తిరిగినా దాని ఆచూకీ సొంత కంపెనీ రిజిస్టర్‌లో రాసి ఉండాలి. ఎవరు కాల్ చేసినా ముందుగా ఆ రిజిస్టర్‌నే అడగాలి. ఒకప్పుడు ఊరు దాటితే ఇన్‌కమింగ్‌కు కూడా డబ్బులు కోయడం, గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు బ్యాంకు ఓటీపీ గడువు దాటాక చేరడం, "కవరేజ్ ఏరియాలో లేరు" అనే గొంతు ఆలస్యంగా పలకడం, ఇవన్నీ ఆ ఏర్పాటు నుంచి పుట్టినవే.

కబురు పంపేది ఫోనే

టవర్లు ప్రతి ఫోన్‌నూ అడుగడుగునా వెంటాడుతూ ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఊరికే జేబులో ఉన్న ఫోన్ విషయంలో అది నిజం కాదు. ప్రతి టవర్ తన చుట్టూ కొన్ని వివరాలను ఆపకుండా ప్రసారం చేస్తుంది: ఇది ఏ దేశం, ఏ కంపెనీ, ఏ ప్రాంతానికి చెందిన టవర్ అని. ఫోన్ వాటిని వింటూ, బలంగా వినిపించే టవర్‌ను ఎంచుకుంటుంది. తిరిగి ఒక్క మాటా పలకదు.

కంపెనీలు పక్కపక్కన ఉన్న అనేక టవర్లను కలిపి ఒక ప్రాంతంగా లెక్కవేస్తాయి. 2జీ, 3జీల్లో దీని పేరు లొకేషన్ ఏరియా, 4జీలో ట్రాకింగ్ ఏరియా. ఒకే ప్రాంతంలో టవర్ నుంచి టవర్‌కు మారినంతసేపూ ఫోన్ మౌనంగానే ఉంటుంది. కొత్త టవర్ చెప్పే ప్రాంతం కోడ్ వేరుగా వినిపించినప్పుడే "నేనిక్కడికి వచ్చాను" అని కబురు పంపుతుంది. కదలకుండా ఒకేచోట ఉన్న ఫోన్ కూడా నెట్‌వర్క్ పెట్టిన గడువు ప్రకారం అప్పుడప్పుడు తన ఉనికి చెప్పుకోవాలి. 4జీలో ఈ గడువు మామూలుగా 54 నిమిషాలు.

ప్రాంతాన్ని ఎంత పెద్దదిగా గీయాలన్నది ఇంజినీర్లకు ఎప్పుడూ ఎడతెగని లెక్క. చిన్నగా గీస్తే ఫోన్లు మాటిమాటికీ కబురు పంపి బ్యాటరీ ఖర్చు చేసుకుంటాయి. పెద్దగా గీస్తే కాల్ వచ్చినప్పుడు వెతకాల్సిన టవర్లు పెరుగుతాయి. రైలు మార్గం మీద ఈ చిక్కు ఇంకా పెద్దది. కిక్కిరిసిన రైలు ఒక సరిహద్దు దాటితే వెయ్యికి పైగా ఫోన్లు ఒకే నిమిషంలో కబుర్లు పంపుతాయి, అక్కడి టవర్ ఉక్కిరిబిక్కిరవుతుంది. అందుకే పట్టాలను అడ్డంగా కోసే సరిహద్దులను వీలైనంత తగ్గిస్తారు. 4జీలో మరో సదుపాయం వచ్చింది. ఒక్కో ఫోన్‌కు ఒక్కో ప్రాంతాల జాబితా ఇచ్చి, ఆ జాబితా దాటేదాకా కబురు అక్కర్లేదని చెప్పవచ్చు. జాబితాలు వేర్వేరుగా ఉంటే రైల్లోని ఫోన్లన్నీ ఒకేచోట గొంతెత్తవు. అయితే రాష్ట్రం దాటి సర్కిల్, అంటే టెలికాం సేవల విభాగం, మారేచోట మాత్రం కబురు తప్పదు.

సొంత రిజిస్టర్, పరాయి రిజిస్టర్

ప్రతి సిమ్‌లో 15 అంకెల గుర్తింపు సంఖ్య ఒకటి ఉంటుంది. దాని పేరు ఐఎంఎస్‌ఐ. అందరికీ ఇచ్చే పది అంకెల ఫోన్ నంబర్ వేరు, ఇది వేరు. మొదటి మూడు అంకెలు దేశాన్ని చెబుతాయి. భారతదేశానికి 404, 405 కేటాయించారు. తర్వాతి అంకెలు కంపెనీనీ, సర్కిల్‌నూ చెబుతాయి. విరూర్ దగ్గర కొత్త టవర్‌ను పట్టుకున్న ఫోన్ కబురు పంపగానే, ఆ సంఖ్యను బట్టి ఇది మహారాష్ట్ర సిమ్ కాదని, ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కు చెందినదని అక్కడి నెట్‌వర్క్ గ్రహిస్తుంది.

ఆ వెంటనే అది సొంత కంపెనీలోని హోమ్ లొకేషన్ రిజిస్టర్‌ను సంప్రదిస్తుంది. ఇంజినీర్లు దీన్ని హెచ్‌ఎల్‌ఆర్ అంటారు. కంపెనీ చందాదారులందరి వివరాలూ అందులోనే ఉంటాయి: ఏ ఫోన్ నంబర్‌కు ఏ సిమ్, ఏయే సేవలు ఉన్నాయి, ప్రస్తుతం ఎక్కడున్నాడు. ముందుగా సిమ్ అసలుదో కాదో తేల్చుకోవాలి. సిమ్‌లో ఒక రహస్య సంఖ్య ఉంటుంది, అదే సంఖ్య సొంత కంపెనీ దగ్గరా ఉంటుంది. ఆ సంఖ్య ఎప్పుడూ గాలిలోకి రాదు. నెట్‌వర్క్ ఏదో ఒక అంకె ఇస్తుంది, సిమ్ దాన్ని తన రహస్య సంఖ్యతో కలిపి లెక్కకట్టి జవాబు పంపుతుంది. సొంత కంపెనీ ముందే పంపిన జవాబుతో అది సరిపోతే లోపలికి అనుమతి దొరుకుతుంది.

అక్కడి నెట్‌వర్క్ ఈ అతిథి పేరును తన విజిటర్ లొకేషన్ రిజిస్టర్‌లో, అంటే వీఎల్‌ఆర్‌లో రాసుకుంటుంది. 15 అంకెల సంఖ్య పదేపదే గాలిలో వినిపించకుండా ఒక తాత్కాలిక సంఖ్య కూడా ఇస్తుంది. సొంత రిజిస్టర్ ఆ కొత్త వీఎల్‌ఆర్ చిరునామాను రాసుకుని, పాత వీఎల్‌ఆర్‌కు పేరు కొట్టేయమని చెబుతుంది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. సొంత రిజిస్టర్‌కు తెలిసేది కాల్స్ కలిపే ఏ ఎక్స్ఛేంజ్ పరిధిలో ఫోన్ ఉందన్నది మాత్రమే. ఏ ప్రాంతంలో ఉందో వీఎల్‌ఆర్‌కు తెలుసు. సరిగ్గా ఏ టవర్ కింద ఉందో కాల్ వచ్చేదాకా ఇద్దరికీ అక్కర్లేదు.

నంబర్ నొక్కిన తర్వాత

తల్లి నంబర్ నొక్కగానే ఆమె కంపెనీ ఆ నంబర్ ఇప్పుడు ఏ కంపెనీదో చూస్తుంది. 2011 జనవరి 20న దేశమంతటా నంబర్ పోర్టబిలిటీ వచ్చాక మొదటి అంకెలను బట్టి కంపెనీని చెప్పడం కుదరదు. 2015 జూలై 3 నుంచి సర్కిల్ మారినా అదే నంబర్ ఉంచుకోవచ్చు. అందుకే ప్రతి కాల్‌కూ ముందు పోర్టబిలిటీ సమాచారాన్ని చూడాల్సిందే.

కంపెనీ తేలాక కాల్ దాని ముఖద్వార ఎక్స్ఛేంజ్‌కు చేరుతుంది. ఆ ఎక్స్ఛేంజ్ సొంత రిజిస్టర్‌ను అడుగుతుంది. రిజిస్టర్ తన దగ్గరున్న చిరునామా ప్రకారం మహారాష్ట్రలోని వీఎల్‌ఆర్‌ను అడుగుతుంది. వీఎల్‌ఆర్ తన దగ్గరున్న కొన్ని రోమింగ్ నంబర్లలో ఖాళీగా ఉన్నదొకటి తీసి ఈ కాల్ కోసం అరువిస్తుంది. ఆ నంబర్ వచ్చిన దారిలోనే వెనక్కి ముఖద్వారానికి చేరుతుంది. కాల్ నిజానికి ఆ అరువు నంబర్‌కే వెళుతుంది. తల్లికీ కొడుకుకూ ఆ నంబర్ ఎప్పటికీ కనిపించదు. కాల్ మహారాష్ట్ర ఎక్స్ఛేంజ్‌ను తాకగానే దాని పని అయిపోతుంది, మరో కాల్‌కు మరొకరికి అదే నంబర్ ఇస్తారు.

చివరి అంకం పేజింగ్. ఏ వాడలో ఉన్నాడో తెలిసి, ఏ ఇంట్లో ఉన్నాడో తెలియనప్పుడు డప్పు కొట్టి పేరు సాటించినట్టు, ఆ ప్రాంతంలోని టవర్లన్నీ ఒకేసారి ఆ తాత్కాలిక సంఖ్యను పిలుస్తాయి. వేలాది ఫోన్లకు పిలుపు వినిపిస్తుంది, జవాబిచ్చేది ఒక్కటే. ఫోన్ ఎల్లప్పుడూ చెవి ఒగ్గి ఉండదు. బ్యాటరీ ఆదా కోసం నిద్రపోతూ, ఒకటి రెండు సెకన్లకోసారి తన వంతు వచ్చినప్పుడు లేచి వింటుంది. నంబర్ నొక్కాక వినిపించే నిశ్శబ్దంలో కొంత భాగం ఇదే. ఫోన్ పలికాక టవర్ దానికి ఒక దారి కేటాయిస్తుంది, అప్పుడు రింగ్ మొదలవుతుంది. ఇవతల తల్లి చెవికి రింగ్ వినిపించిందంటే అప్పటికే కొడుకు ఫోన్ దొరికిందన్నమాట.

> స్విచ్ఛాఫ్ వేరు, కవరేజ్ లేకపోవడం వేరు
>
> ఫోన్‌ను మామూలుగా ఆపేసినప్పుడు అది ఆరిపోయే ముందు నెట్‌వర్క్‌కు ఒక చివరి కబురు పంపుతుంది. రిజిస్టర్‌లో ఆ విషయం పడుతుంది. తర్వాత ఎవరు కాల్ చేసినా వెతకకుండానే జవాబు వస్తుంది. అడవిలోకి వెళ్లి సిగ్నల్ పోయినా, బ్యాటరీని ఊడదీసినా ఆ చివరి కబురు వెళ్లదు. ఫోన్ ఉందనుకుని నెట్‌వర్క్ పిలుస్తుంది, మళ్లీ పిలుస్తుంది, జవాబు రాక అప్పుడు చేతులెత్తేస్తుంది. ఆ గొంతు ఆలస్యంగా వినిపించడానికి కారణం ఇదే. ఎంతసేపటికీ కబురు రాకపోతే గడువు ముగిశాక ఆ ఫోన్ ఆగిపోయినట్టే లెక్క కడతారు.

బాయి పైన మోగే ఫోన్

సింగరేణి బొగ్గు గనుల ప్రాంతంలో ఈ పద్ధతికి ఒక హద్దు కనిపిస్తుంది. భూగర్భ గనుల్లో మీథేన్ వంటి మండే వాయువులు ఉండే ప్రమాదం ఉంది కనుక మామూలు సెల్‌ఫోన్లను లోపలికి తీసుకెళ్లనివ్వరు. షిఫ్టుకు వెళ్లే కార్మికుడు ఫోన్‌ను పైనే వదిలి బాయిలోకి, అంటే గనిలోకి, దిగుతాడు. ఇంటి నుంచి కాల్ వస్తే నెట్‌వర్క్ తన పని తాను తప్పు లేకుండా చేస్తుంది. రిజిస్టర్ సరైన చిరునామా ఇస్తుంది, ఫోన్ జవాబిస్తుంది, రింగ్ వెళుతుంది. ఎత్తే మనిషి మాత్రం వందల అడుగుల కింద ఉంటాడు. ఈ వ్యవస్థ వెతికేది సిమ్‌ను, మనిషిని కాదు. ఫోన్ వెంట తీసుకెళ్లినా ఫలితం ఉండదు, ఎందుకంటే రేడియో తరంగాలు అంత మందమైన రాతి పొరలను దాటలేవు. గని లోపల మాటలు నడిచేది ఎక్కువగా ప్రత్యేకంగా తయారైన తీగ టెలిఫోన్ల మీద. షిఫ్టు దిగిన గంట తర్వాత కూడా ఫోన్ ఎత్తకపోతే గని ప్రాంతపు ఇళ్లలో మొదలయ్యే కంగారును ఏ రిజిస్టరూ తీర్చలేదు.

సరిహద్దు గీతకు కట్టిన వెల

టెలికాం శాఖ దేశాన్ని 22 సర్వీస్ ఏరియాలుగా విభజించింది. జనం వాటిని సర్కిళ్లంటారు. 2014లో తెలంగాణ ఏర్పడినా ఆంధ్రప్రదేశ్ సర్కిల్ రెండు ముక్కలు కాలేదు. దాంతో బెల్లంపల్లి సిమ్‌కు వందల కిలోమీటర్ల దూరంలోని చిత్తూరు సొంత సర్కిల్, రైల్లో కాసేపట్లో వచ్చే విరూర్ పరాయి సర్కిల్. ప్రాణహిత గోదావరిలో కలిసే కాళేశ్వరం ఎదుట, అవతలి ఒడ్డున ఉన్న సిరోంచ కూడా అంతే. గడ్చిరోలి జిల్లాలోని సిరోంచలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎందరో. పెళ్లిళ్లు, బంధుత్వాలు రెండు ఒడ్లనూ కలిపి ఉన్నాయి. రేడియో తరంగం నది దగ్గర ఆగదు. ఇవతలి ఒడ్డున నిలబడ్డా అవతలి టవరే బలంగా తగిలితే ఫోన్ దాన్నే పట్టుకుంటుంది, రోమింగ్‌లోకి వెళ్లిపోతుంది.

ఒకప్పుడు దీనికి డబ్బు కట్టాల్సి వచ్చేది. కాల్ చేసిన వ్యక్తి, అందుకునేవాడి సొంత సర్కిల్ దాకా అయ్యే ఖర్చు భరించేవాడు. అక్కడి నుంచి పరాయి సర్కిల్‌కు వెళ్లే మిగతా దారి ఖర్చు కాల్ అందుకున్నవాడి మీద పడేది. అవతలివాడు ఊరు దాటాడని కాల్ చేసినవాడికి తెలియదు కాబట్టి అతని మీద వేయడం తగదన్నది అందులోని లెక్క. లెక్క సబబే. భారం మాత్రం పనికోసం ఊరు విడిచినవాళ్ల మీదే పడింది. భారత టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2007లో రోమింగ్ ఇన్‌కమింగ్‌కు నిమిషానికి రూ.1.75 మించకూడదని పరిమితి పెట్టింది. ఆ రోజుల్లో చంద్రాపూర్, నాగ్‌పూర్ వైపు వెళ్లినవాళ్లు ఇంటికి మిస్డ్ కాల్ ఇచ్చి క్షేమం తెలపడం, ఇంట్లోవాళ్లు "రోమింగ్ పడుతది, పెట్టెయ్" అని రెండు మాటల్లో ముగించడం మామూలు సంగతి. ఆ రెండు మాటల్లో అడగలేకపోయిన యోగక్షేమాలకు లెక్క లేదు.

> రోమింగ్ భారం తగ్గిన తీరు
>
> 2013లో ఇన్‌కమింగ్ గరిష్ఠ పరిమితి నిమిషానికి 75 పైసలకు, 2015 మేలో 45 పైసలకు తగ్గింది. 2015 జూన్ 15 నుంచి బీఎస్ఎన్ఎల్ రోమింగ్‌లో ఇన్‌కమింగ్‌ను ఉచితం చేసింది. 2016 సెప్టెంబర్ 5న వచ్చిన జియో దేశంలో రోమింగ్ చార్జీలు లేవంది. 2017 ఏప్రిల్ 1 నుంచి ఎయిర్‌టెల్ కూడా అదే బాట పట్టింది.

చార్జీ పోయినా వెతుకులాట పద్ధతి మారలేదు. నేటికీ విరూర్‌లో మోగే ఫోన్‌కు ముందు సొంత రిజిస్టరే జవాబు చెప్పాలి. రోమింగ్ గుర్తు కనిపించడం మానలేదు, బిల్లులో కనిపించడం మానింది.

ఒకే గదిలో ఇద్దరు, మధ్యలో అరేబియా సముద్రం

జన్నారం, లక్సెట్టిపేట మొదలు జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దాకా గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. విదేశంలో దిగిన భారతీయ సిమ్ కూడా పైన చెప్పిన దారిలోనే నడుస్తుంది. రెండు కంపెనీల మధ్య ఒప్పందం ఉంటే చాలు. ఇలా దేశాలు దాటే ఫోన్లకు బాట వేసింది 1981లో మొదలైన ఉత్తర ఐరోపా దేశాల ఎన్ఎంటీ వ్యవస్థ. 2జీకి చెందిన జీఎస్ఎం పద్ధతి మీద మొదటి కాల్ 1991 జూలై 1న ఫిన్లాండ్‌లో జరిగింది. మరుసటి ఏడాదే టెలికాం ఫిన్లాండ్, బ్రిటన్‌కు చెందిన వొడాఫోన్ మొదటి జీఎస్ఎం రోమింగ్ ఒప్పందం చేసుకున్నాయి. 

బెల్లంపల్లి నుంచి దుబాయ్‌లోని భారతీయ నంబర్‌కు కాల్ చేస్తే చేసినవారికి మామూలు కాల్ ఖర్చే. సొంత కంపెనీ నుంచి దుబాయ్ దాకా వెళ్లే దారి ఖర్చును ఎత్తినవాడు కట్టాలి. కొన్ని దేశాల్లో రింగ్ శబ్దం వేరుగా వినిపిస్తుంది, ఎందుకంటే ఆ శబ్దాన్ని పంపేది అక్కడి ఎక్స్ఛేంజే. దుబాయ్‌లో ఒకే గదిలో ఉన్న ఇద్దరు అన్నదమ్ములు భారతీయ సిమ్‌లతోనే మాట్లాడుకుంటే ఇంకో చిత్రం జరుగుతుంది. తమ్ముడి ఆచూకీ భారతదేశంలోని రిజిస్టర్‌కే తెలుసు కనుక అన్న కాల్ సముద్రం దాటి ఇక్కడికి వస్తుంది, ఇక్కడి నుంచి మళ్లీ సముద్రం దాటి అదే గదికి చేరుతుంది. రెండు అంతర్జాతీయ దారులకూ డబ్బు పడుతుంది. గల్ఫ్‌లో అడుగుపెట్టగానే అక్కడి సిమ్ తీసుకోవడానికి కారణం ఇదే.

ఊరి సిమ్‌ను మాత్రం ఎవరూ పారేయరు. బ్యాంకు ఖాతా, ఆధార్ ఆ నంబర్‌కే ముడిపడి ఉంటాయి. ఎస్ఎంఎస్ కూడా ఇదే దారి పడుతుంది. బ్యాంకు పంపిన ఓటీపీ సందేశ కేంద్రానికి చేరుతుంది, కేంద్రం సొంత రిజిస్టర్‌ను అడిగి దుబాయ్ ఎక్స్ఛేంజ్‌కు పంపుతుంది. ఆ సమయంలో ఫోన్ ఆగిపోయి ఉంటే "ఇతనికి సందేశం ఉంది" అని రిజిస్టర్‌లో గుర్తు పెడతారు. ఫోన్ తిరిగి నెట్‌వర్క్‌లోకి రాగానే సందేశం కదులుతుంది. కాకపోతే కొద్ది నిమిషాల గడువున్న ఓటీపీ అప్పటికి పనికిరాకుండా పోతుంది. రీచార్జ్ లేక, వాడకం లేక 90 రోజులు దాటితే ఆ నంబర్‌ను రద్దు చేసే వీలుంది, తర్వాత అది వేరొకరికి వెళ్లవచ్చు. రెండేళ్లకోసారి ఇంటికొచ్చే కార్మికుడికి ఇది చిన్న నష్టం కాదు.

> సొంతూళ్లోనే రోమింగ్
>
> రోమింగ్ అంటే ఊరు దాటడమే కానక్కర్లేదు. తన కంపెనీ టవర్ లేనిచోట మరో కంపెనీ టవర్‌ను వాడుకోవడం ఇంట్రా సర్కిల్ రోమింగ్. తుపానుల్లో టవర్లు కూలినప్పుడు టెలికాం శాఖ దీన్ని అనుమతిస్తుంది. డిజిటల్ భారత్ నిధి డబ్బుతో మారుమూల గ్రామాల్లో కట్టిన 4జీ టవర్లను బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో చందాదారులు ఉమ్మడిగా వాడుకునే ఏర్పాటు 2025 జనవరిలో మొదలైంది.

4జీలో మారిన దారి

4జీలో పేర్లు మారాయి. సొంత రిజిస్టర్ స్థానంలో హెచ్‌ఎస్‌ఎస్ వచ్చింది, అతిథి ఫోన్ల బాధ్యత ఎంఎంఈ అనే యంత్రానిది. 4జీ మీదే నడిచే వోల్ట్ కాల్‌లో అరువు నంబర్‌తో పనిలేదు. మాట కూడా డేటా రూపంలోనే వెళుతుంది. ఫోన్ సొంత కంపెనీ కాల్ సర్వర్‌లో పేరు నమోదు చేసుకుని ఉంటుంది, కాల్ ఆ సర్వర్ మీదుగా వస్తుంది. చివర్లో పేజింగ్ మాత్రం తప్పదు.

విదేశాల్లో కొత్త ఇబ్బంది ఇక్కడే మొదలైంది. సింగపూర్ 2017లో 2జీని, అమెరికాలో ఏటీ అండ్ టీ 2022లో 3జీని, ఆస్ట్రేలియా కంపెనీలు 2024లో 3జీని మూసేశాయి. అలాంటిచోట వోల్ట్ రోమింగ్ ఒప్పందం లేని సిమ్‌కు, వోల్ట్ లేని పాత ఫోన్‌కు డేటా వచ్చినా మామూలు కాల్ రాకపోవచ్చు. ప్రయాణానికి ముందు సొంత కంపెనీని అడిగి తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే.

అడిగినవాళ్లందరికీ జవాబు

2జీ, 3జీల్లో సొంత రిజిస్టర్‌ను అడిగే భాష పేరు ఎస్ఎస్7. అది రూపొందిన కాలంలో ఆ వలలో ఉన్నవి కొద్దిపాటి నమ్మకమైన టెలిఫోన్ సంస్థలే. అడుగుతున్నది ఎవరని నిలదీసే ఏర్పాటు అందులో లేదు. రోమింగ్ కోసం ప్రపంచమంతా కలిశాక అదే లోపమైంది. 2014 డిసెంబర్‌లో జర్మన్ పరిశోధకులు టోబియాస్ ఎంగెల్, కార్‌స్టెన్ నోల్ ఈ దారిలో ఫోన్ ఎక్కడుందో ఆచూకీ తీయవచ్చని, కాల్స్ వినవచ్చని హాంబర్గ్ సదస్సులో చూపారు. 2017లో జర్మనీలో కొందరి బ్యాంకు ఓటీపీలను దొంగలు ఈ దారిలోనే మళ్లించి ఖాతాల్లో డబ్బు కాజేశారు. కంపెనీలు ఆ తర్వాత వడపోతలు పెట్టాయి. అయినా ఓటీపీని ఎస్ఎంఎస్ మీదే వదిలేయడం క్షేమం కాదని భద్రతా నిపుణులు చెబుతూనే ఉన్నారు. ఇంటి ఖర్చుకు పంపే డబ్బంతా ఆ ఒక్క సందేశం మీద ఆధారపడిన గల్ఫ్ కుటుంబాలకు ఇది దూరపు సంగతి కాదు.

5జీలో రెండు మార్పులు వచ్చాయి. సిమ్ గుర్తింపు సంఖ్యను ఫోన్ గాలిలోకి వదిలే ముందే గుప్తలిపిలోకి మారుస్తుంది, దాన్ని విప్పగలిగేది సొంత కంపెనీ ఒక్కటే. ఫోన్ నిజంగా ఆ పరాయి నెట్‌వర్క్‌లో ఉందో లేదో కూడా సొంత కంపెనీయే స్వయంగా తేల్చుకుంటుంది, పరాయి కంపెనీ మాట మీద ఆధారపడదు. ఈ రక్షణ పూర్తి 5జీ కోర్ ఉన్న నెట్‌వర్క్‌లోనే పనిచేస్తుంది. 4జీ కోర్ మీద నడిచే 5జీకి ఇది వర్తించదు. సిగ్నల్ పడిపోయి ఫోన్ 2జీకి దిగితే పాత రిజిస్టర్లు, పాత భాష మళ్లీ పనిలోకి వస్తాయి.